మలుపులో ఘర్షణ కేంద్రం వైపుకే ఎందుకు లాగుతుంది?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కలిసిపోయి ఉన్నాయి. ఘర్షణ ఎప్పుడూ చలనాన్ని వ్యతిరేకిస్తుందని చదువుకున్నాం కదా, మరి మలుపు తిరిగే కారు మీద అది వెనక్కి కాకుండా పక్కకి, అదీ కేంద్రం వైపుకి ఎలా పనిచేస్తుంది? అలా లాగుతూనే ఉంటే కారు కేంద్రం దాకా ఎందుకు వెళ్లిపోదు? ఘర్షణ ఉన్నా వడి ఎందుకు తగ్గదు? చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ల ఆలోచనలో లోపం లేదు. చిన్న తరగతుల్లో వాళ్లకి నేర్పిన ఒక వాక్యంలోనే ఉంది.

ఘర్షణ చలనాన్ని వ్యతిరేకించదు. ఒకదాన్నొకటి తాకుతున్న రెండు తలాల మధ్య జారుడును వ్యతిరేకిస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. మీరు నడుస్తున్నప్పుడు పాదం నేలను వెనక్కి తంతుంది. నేల నున్నగా, తడిగా ఉంటే పాదం వెనక్కి జారుతుంది. ఆ జారుడును ఆపడానికి ఘర్షణ పాదాన్ని ముందుకు నెడుతుంది. అంటే నడకలో ఘర్షణ మీ చలనం దిశలోనే ఉంది, మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లేదే అది. అందుకే ఘర్షణ దిశ తెలియనప్పుడు నేను పిల్లల చేత ఒకే ప్రశ్న వేయిస్తాను: ఈ క్షణంలో ఘర్షణ మాయమైపోతే ఈ తలం ఆ తలం మీద ఎటు జారుతుంది? జవాబు ఎటు వస్తే ఘర్షణ దానికి ఎదురు దిక్కు.

ఇంకో చిన్న సవరణ కూడా ఇక్కడే చెప్పేస్తాను. వలయంలో తిరిగే వస్తువును కదిలిస్తూ ఉంచేది ఘర్షణ కాదు. కదులుతూ ఉండటం జడత్వం పని, దానికి ఏ బలమూ అక్కర్లేదు. ఘర్షణ చేసేది దారిని వంచడం. భౌతికశాస్త్రంలో వేగం అంటే వడి, దిశ రెండూ కలిసినది. వడి మారకపోయినా దిశ మారితే వేగం మారినట్టే, వేగం మారితే త్వరణం ఉన్నట్టే, త్వరణం ఉంటే దానికి ఒక బలం కావాలి. ఆ బలాన్నే అభికేంద్ర బలం అంటాం. దాని విలువ ద్రవ్యరాశిని వడి వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. అభికేంద్ర బలం అనేది ఘర్షణ, గురుత్వాకర్షణ, తాడు తన్యత (బిగిసిన తాడు లాగే బలం) లాంటి బలాల సరసన ఇంకో కొత్త బలం కాదని గుర్తుంచుకోండి. అది ఒక ఉద్యోగం పేరు లాంటిది. తాడు కట్టి తిప్పే రాయికి ఆ ఉద్యోగం తన్యత చేస్తుంది, చంద్రుడికి గురుత్వాకర్షణ చేస్తుంది, చదునైన రోడ్డు మీద కారుకి ఘర్షణ చేస్తుంది. పటం గీసేటప్పుడు ఘర్షణ ఒక బాణం, అభికేంద్ర బలం ఇంకో బాణం అని రెండూ గీసేవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు దిశ సంగతి దగ్గరగా చూద్దాం. కారు కన్నా ముందు ఒక నాణెం తీసుకోండి. పాత గ్రామఫోను పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. దాని మీద ఒక అట్టముక్క గుండ్రంగా కత్తిరించి వేసి, కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో సుద్దతో చుక్క పెట్టి, ఆ చుక్క మీద నాణెం ఉంచండి. నాణెం సెకనుకి సుమారు 35 సెంటీమీటర్ల వడితో తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు ఉన్నట్టుండి ఘర్షణ పోయిందనుకుందాం. పదో వంతు సెకనులో నాణెం స్పర్శరేఖ వెంట, అంటే వలయాన్ని ఆ చోట తాకుతూ పోయే సరళరేఖ వెంట, తిన్నగా 3.5 సెంటీమీటర్లు వెళుతుంది. దాని కింద ఉన్న సుద్ద చుక్క మాత్రం పళ్లెంతో పాటు 20 డిగ్రీలు తిరుగుతుంది. కాగితం మీద ఈ రెండూ గీసి స్కేలుతో కొలవండి. చుక్క ఇంకా కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. నాణెం దాదాపు 10.6 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది.

అంటే పదో వంతు సెకనులో నాణెం తన చుక్కకి 6 మిల్లీమీటర్లు బయటికి వచ్చేసింది. దాన్ని బయటికి ఎవరూ తోయలేదు. అది తిన్నగానే వెళ్లింది, దాని కిందున్న పళ్లెమే లోపలికి తిరిగిపోయింది. కానీ పళ్లెం మీద కూర్చుని చూసేవాడికి నాణెం బయటికి జారినట్టే కనిపిస్తుంది. ఘర్షణ ఆపేది సరిగ్గా ఆ బయటి జారుడునే, కాబట్టి అది లోపలికి, కేంద్రం వైపుకి పనిచేస్తుంది. నాణెం ముందుకు వెళ్లడంతో ఘర్షణకి ఏ గొడవా లేదు, ఎందుకంటే కింద ఉన్న పళ్లెం కూడా అదే వడితో ముందుకు వెళుతోంది. ఆ దిశలో జారుడే లేదు.

మలుపులో బస్సు తిరుగుతున్నప్పుడు బయటికి ఎవరో తోసినట్టు అనిపించేది కూడా ఇదే. మీ ఒళ్లు తిన్నగా వెళ్లబోతోంది, కాళ్ల కింద బస్సు లోపలికి తిరుగుతోంది. బస్సును ఆధారంగా తీసుకుని లెక్క వేస్తే అపకేంద్ర బలం అని ఒకటి కలపాలి, రోడ్డు పక్కన నిలబడి లెక్క వేస్తే అది అక్కర్లేదు. రెండు పద్ధతులూ సరైనవే, ఒకే లెక్కలో రెండూ కలపకూడదు, అంతే.

ఆ 6 మిల్లీమీటర్లే మీ రెండో సందేహానికి కూడా జవాబు. ఘర్షణ నాణేన్ని కేంద్రం వైపు లాగుతూనే ఉంది, నాణెం కేంద్రం వైపు పడుతూనే ఉంది కూడా. స్పర్శరేఖ నుంచి పదో వంతు సెకనుకి 6 మిల్లీమీటర్లు పడుతోంది. కానీ ఈలోగా తిన్నగా వెళ్లడం వల్ల కేంద్రానికి అంతే దూరం జరిగింది. జరిగినంత పడుతుంది కాబట్టి వలయం మీదే ఉంటుంది. చంద్రుడు భూమి మీద పడకుండా చుట్టూ తిరగడం గురించి న్యూటన్ చెప్పిన వాదన అచ్చంగా ఇదే.

అయితే ఒక మంచి విద్యార్థి ఇక్కడ ఆగి అడుగుతాడు: ఘర్షణ సరిగ్గా అంతే ఎందుకు లాగుతుంది, కొంచెం ఎక్కువ లాగితే నాణెం లోపలికి రాదా? ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే స్థైతిక ఘర్షణ, అంటే తలాలు జారకుండా పట్టి ఉంచే ఘర్షణ, దాని స్వభావమంతా ఇందులోనే ఉంది. బరువైన బీరువాను 50 న్యూటన్ల బలంతో నెట్టండి, కదలదు. ఘర్షణ 50 న్యూటన్లతో ఎదురు నెట్టింది. 100తో నెట్టండి, అప్పుడు అది కూడా 100. మీరు చేయి తీసేస్తే సున్నా. తనంతట తాను బీరువాను మీ మీదికి నెట్టదు. స్థైతిక ఘర్షణ జారుడును ఆపడానికి ఎంత కావాలో అంతే ఇస్తుంది, ఒక పరిమితి వరకూ. ఆ పరిమితి ఘర్షణ గుణకాన్ని (రెండు తలాల మధ్య పట్టు ఎంతో చెప్పే అంకె) అభిలంబ బలంతో (తలం వస్తువును తనకి లంబంగా నెట్టే బలం) గుణిస్తే వచ్చేది. పుస్తకాల్లో కనిపించే ఆ గుణకారం ఘర్షణ విలువ కాదు, దాని గరిష్ఠ విలువ. వృత్తాకార చలనం లెక్కల్లో నేను దిద్దిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ తేడా మరిచిపోవడం వల్ల వచ్చినవే.

నాణెం లెక్క పూర్తి చేద్దాం. 33⅓ చుట్ల దగ్గర దానికి కావలసిన త్వరణం సెకనుకి సెకనుకి 1.2 మీటర్లు. దానికి ఘర్షణ గుణకం 0.12 (1.2ని గురుత్వ త్వరణం 9.8తో భాగిస్తే వచ్చేది) ఉంటే చాలు, నాణెం హాయిగా తిరుగుతుంది. పళ్లేన్ని 78 చుట్లకి మార్చండి. కావలసిన త్వరణం 6.7కి పెరుగుతుంది, గుణకం 0.68 కావాలి. అట్ట మీద లోహపు నాణేనికి అంత పట్టు దొరకడం కష్టం, జారిపోతుంది. అదే నాణేన్ని 5 సెంటీమీటర్ల దగ్గర పెడితే 0.34 చాలు, ఎందుకంటే పళ్లెం ఒకే వేగంతో తిరిగేటప్పుడు కావలసిన త్వరణం కేంద్రం నుంచి దూరంతో పాటు పెరుగుతుంది. అట్ట మీద సన్నగా సుద్దపొడి చల్లి చూస్తే జారిన జాడ కనిపిస్తుంది. బయటికి మొదలై, పళ్లెం తిరిగే దిక్కుకి ఎదురుగా వంగుతుంది. పైనుంచి చూసే మీకు మాత్రం నాణెం దాదాపు స్పర్శరేఖ వెంట వెళ్లిపోయినట్టు ఉంటుంది. ఒకే ప్రయాణానికి రెండు బొమ్మలు. ఈ ప్రయోగం ఒక్కసారి చేత్తో చేసినవాళ్లు దిశ విషయంలో మళ్లీ తడబడటం నేను చూడలేదు.

పళ్లెం ఆగి ఉన్న స్థితి నుంచి వడి అందుకుంటున్నప్పుడు ఇంకో విశేషం ఉంది. అప్పుడు పళ్లెం ముందుకు ఎగబాకుతోంది, నాణెం వెనకబడబోతోంది. కాబట్టి ఘర్షణకి కేంద్రం వైపు భాగంతో పాటు ముందుకు నెట్టే భాగం కూడా ఉంటుంది. చలనం దిశలోనే.

ఇక కారు. కదులుతున్న కారుకి స్థైతిక ఘర్షణ ఏమిటని అడుగుతారు. తడి మట్టి మీద నుంచి వెళ్లిన టైరు అచ్చు చూడండి. గాడులన్నీ ముద్ర వేసినట్టు స్పష్టంగా ఉంటాయి, చెరిగినట్టు ఉండవు. దొర్లుతున్న చక్రం నేలను తాకే చోట ఆ క్షణానికి నేల మీద నిలిచే ఉంటుంది. చక్రం మధ్యభాగం ముందుకు ఎంత వడితో వెళుతోందో, అడుగుభాగం మధ్యభాగంతో పోలిస్తే వెనక్కి అంతే వడితో వెళుతోంది, రెండూ కలిస్తే సున్నా. అడుగు వేసి ఎత్తినట్టు టైరు ప్రతి చోటా అడుగు వేస్తూ వెళుతుంది.

చక్రం తను చూస్తున్న దిక్కులో సులువుగా దొర్లుతుంది. పక్కకి వెళ్లాలంటే మాత్రం ఈడ్చుకుంటూ జారాల్సిందే. స్టీరింగ్ ఎడమకి తిప్పగానే ముందు చక్రాలు ఎడమకి చూస్తాయి, కారు ఇంకా తిన్నగా వెళ్లాలనే చూస్తుంది. అలా వెళితే ముందు చక్రాలు తమ కుడివైపుకి జారాలి. ఘర్షణ ఆ జారుడుకి ఒప్పుకోదు, చక్రాలను ఎడమకి నెడుతుంది. కారు ముందుభాగం తిరుగుతుంది, దాంతో వెనక చక్రాలకి కూడా అదే పరిస్థితి వస్తుంది. అలా నాలుగు చక్రాల దగ్గరా కలిసి కేంద్రం వైపు బలం పుడుతుంది. స్టీరింగ్ కారును తిప్పదు, ఘర్షణ ఎటు నెట్టాలో చెబుతుంది.

అంకెలు చూడండి. 1000 కిలోల కారు, 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న చదునైన మలుపు. గంటకి 36 కిలోమీటర్లు వెళితే కావలసిన బలం 2000 న్యూటన్లు. 72 వెళితే 8000. వడి రెట్టింపైతే బలం నాలుగింతలు. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే దొరికే గరిష్ఠ బలం 6860 న్యూటన్లు, కాబట్టి 72లో ఈ మలుపు తిరగడం కుదరదు. హద్దు గంటకి 67 కిలోమీటర్ల దగ్గర ఉంది. వాన పడి గుణకం 0.4కి తగ్గితే హద్దు 50. మంచు గడ్డకట్టి 0.1 అయితే 25. ఈ హద్దులో కారు బరువు లేదు. బరువు పెరిగితే కావలసిన బలమూ, దొరికే ఘర్షణా ఒకే పాళ్లలో పెరిగి కొట్టేసుకుంటాయి. నిజం టైర్లలో బరువు పెరిగేకొద్దీ గుణకం కాస్త తగ్గుతుంది, కానీ మొదటి లెక్కకి ఇది చాలు.

హద్దు దాటితే ఏమవుతుంది? టైరు జారడం మొదలవుతుంది, స్థైతిక ఘర్షణ స్థానంలోకి జారుడు ఘర్షణ వస్తుంది. మీరు చదువుకున్న వాక్యం ఇక్కడ నిజమవుతుంది. బ్రేకు గట్టిగా తొక్కి చక్రాలు బిగుసుకుపోతే టైరు మొత్తం రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. జారుడు దిశ, కారు వెళ్లే దిశ ఒకటే అవుతాయి. ఘర్షణ సూటిగా వెనక్కి పనిచేస్తుంది, పక్కకి ఏమీ మిగలదు. స్టీరింగ్ ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఘర్షణ నిజంగా చలనాన్నే వ్యతిరేకించిన ఆ క్షణంలో మలుపు తిరగడం అసాధ్యమవుతుంది. చక్రాలు బిగుసుకోకుండా బ్రేకును సెకనుకి చాలాసార్లు వదిలి పట్టే ఏబీఎస్ ముఖ్య ప్రయోజనం ఇదే: బ్రేకు వేస్తున్నప్పుడు కూడా స్టీరింగ్ మాట చెల్లుతుంది.

నాకు ఈ విషయం లెక్కలో కన్నా ముందు ఒంటికి తెలిసింది. చదువుకునే రోజుల్లో మోటార్ సైకిల్ మీద ఒక మలుపు తిరుగుతున్నాను. మలుపు మధ్యలో సన్నటి ఇసుక పరుచుకుని ఉంది. చూడగానే కంగారుపడి ముందు చక్రం బ్రేకు పట్టేశాను. హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోయింది, చేతిలో ఏమీ లేనట్టు. మరుక్షణం నేల మీద ఉన్నాను, బండి నా ముందు తిన్నగా, స్పర్శరేఖ వెంట జారుకుంటూ పోతోంది. మోచేయి చాలా రోజులు మానలేదు. ఇసుక రేణువులు టైరుకి, రోడ్డుకి మధ్య గోలీల్లా దొర్లి గుణకాన్ని తగ్గించేశాయి. ఉన్న కాస్త పట్టులోంచి నేను బ్రేకుకి కూడా వాటా అడిగాను.

ఆ వాటా లెక్క తెలుసుకోవడం చాలా అవసరం. టైరుకి ఉన్న పట్టు ఒక్కటే. అది మలుపుకి, బ్రేకుకి, యాక్సిలరేటరుకి కలిపి. ఇందాకటి పొడి రోడ్డు మలుపులో ప్రతి కిలోకి గరిష్ఠంగా 6.9 న్యూటన్లు దొరుకుతాయి. 60లో తిరుగుతుంటే 5.6 మలుపుకే పోతుంది. మిగిలింది 1.3 కాదు, సుమారు 4. ఎందుకంటే పక్కకి లాగే బలం, వెనక్కి లాగే బలం లంబకోణంలో ఉన్నాయి, వాటిని వర్గాలు చేసి కలపాలి. కాబట్టి మలుపులో మెల్లగా బ్రేకు వేయవచ్చు, గట్టిగా వేయకూడదు. వడి తగ్గించుకునే పని మలుపుకి ముందే, తిన్నని రోడ్డు మీద పూర్తి చేయమని డ్రైవింగ్ నేర్పేవాళ్లు చెప్పేది ఇందుకే.

మూడో సందేహానికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కేంద్రం వైపు బలం ప్రతి క్షణం కారు వెళ్లే దిశకి లంబంగా ఉంటుంది. లంబంగా ఉన్న బలం భౌతికశాస్త్ర అర్థంలో 'పని' చేయదు, అంటే శక్తిని ఇవ్వదు, తీసుకోదు. కాబట్టి గతిశక్తి మారదు, వడి తగ్గదు. నిజం కారు మలుపులో కొంచెం నెమ్మదించడం మీరు గమనించే ఉంటారు. టైరు రబ్బరు పక్కకి సాగడం వల్ల చక్రం చూసే దిక్కుకి, వెళ్లే దిక్కుకి మధ్య చిన్న కోణం వస్తుంది. దాంతో ఘర్షణ బాణం కొద్దిగా వెనక్కి వాలుతుంది. ఆ వాలిన భాగమే వడిని తింటుంది.

సైకిల్ మీద ఒరగడం గురించి కూడా అపోహ ఉంది. ఒరిగితే ఘర్షణ అవసరం తగ్గదు. గంటకి 18 కిలోమీటర్ల వడితో 10 మీటర్ల వ్యాసార్థంలో తిరిగేవాడు దాదాపు 14 డిగ్రీలు ఒరుగుతాడు. అది టైరు దగ్గర పుట్టే ఘర్షణ అతన్ని బయటికి పడదోయకుండా బరువుతో సమం చేసుకోవడం మాత్రమే. కావలసిన ఘర్షణ మొత్తం కావలసిందే.

చివరిగా, ఘర్షణ ఎప్పుడూ కేంద్రం వైపే ఉంటుందని కూడా బట్టీ పట్టకండి. నిలువు గోడల బావిలో మోటార్ సైకిల్ నడిపే విన్యాసంలో కేంద్రం వైపు నెట్టేది గోడ అభిలంబ బలం. ఘర్షణ అక్కడ పైకి పనిచేస్తుంది, బండి బరువును మోస్తుంది. 5 మీటర్ల వ్యాసార్థం, 0.8 గుణకం ఉంటే గంటకి కనీసం 28 కిలోమీటర్లు వెళ్లాలి, తగ్గితే కిందికి జారుతారు.

ఇంకా మంచి ఉదాహరణ వాలుగా కట్టిన మలుపు. మన 50 మీటర్ల మలుపునే బయటి అంచు ఎత్తు చేసి 15 డిగ్రీల వాలుతో కట్టారనుకోండి. గంటకి 41 కిలోమీటర్ల దగ్గర రోడ్డు అభిలంబ బలమే కేంద్రం వైపు కావలసినంత ఇచ్చేస్తుంది, పక్క ఘర్షణ సున్నా. అంతకన్నా వేగంగా వెళితే కారు వాలు పైకి జారబోతుంది, ఘర్షణ కిందికి, లోపలికి వస్తుంది. నెమ్మదిగా వెళితే వాలు కిందికి జారబోతుంది, ఘర్షణ పైకి, అంటే కేంద్రానికి దూరంగా పనిచేస్తుంది. అదే వాలు మీద మంచు గడ్డకట్టి గుణకం 0.1 అయితే హద్దులు రెండు అవుతాయి. గంటకి 49 దాటితే కారు బయటికి జారుతుంది. 32 కన్నా తగ్గితే లోపలికి జారుతుంది. అక్కడ కారు ఆపితే, మీ రెండో ప్రశ్నలో అడిగినట్టే అది కేంద్రం వైపుకి వెళ్లిపోతుంది. కాకపోతే దాన్ని అటు లాగేది ఘర్షణ కాదు, బరువు. ఘర్షణ దాన్ని బయటి వైపుకి పట్టి ఆపడానికే చూస్తూ ఉంటుంది.